కోటలో మా వదిన వైండింగ్ షాపు

మొన్న నెల్లూరు వెళ్ళినప్పుడు ఇంట్లోకి ఒక కటింగ్ ప్లేయర్ కొందామని హార్డ్‌వేర్ షాపుకు పోతే, షాపతను నా నెరిసిన జుట్టునూ చేతిలోని కూరల సంచినీ ఓసారి చూసి, ఒక్కటే ఎందుకమ్మా, ఇది తీసుకోండి, ఇంట్లో అన్నిటికీ పనికొస్తుందంటూ నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి తెరిచి నా ముందు పెట్టాడు. లోపల స్పాంజిలో గుంటలు చేసి ఒక్కో గుంటలో ఒక్కో పనిముట్టును పడుకోబెట్టారు. తనంతట తాను తిరిగే బ్యాటరీ స్క్రూడ్రైవరు, తీగకు తగలకుండానే కరెంటు ఉందో లేదో కీచుమని చెప్పే టెస్టరు, ఇంకా నాకు పేరు తెలియనివి నాలుగైదు. నేను అందులోంచి కటింగ్ ప్లేయర్ మాత్రం తీసి, దాని నోరు మూసి, వీధి వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని, రెండు దవడల మధ్య నుంచి వెలుగు కారుతుందేమోనని చూశాను. అతను నవ్వి, "ఎవురు నేర్పినారమ్మా మీకిది?" అని అడిగాడు. మా వదిన అని చెప్పి ఊరుకున్నాను గాని, బస్సు వెంకటాచలం దాటి, గూడూరు దగ్గర మలుపు తిరిగి కోట చేరేదాకా నా మనసు మనసులో లేదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. ఆయన బడిపంతులు, సుద్దముక్క తప్ప మరో పనిముట్టు పట్టి ఎరగరు. మా మామగారు కోట బస్టాండు వెనక పెట్టిన మోటారు వైండింగ్ షాపు ఆయన పోయాక మూతపడుతుందని ఊరంతా అనుకుంటే, పెద్దమనిషై కూర్చున్న గుడిసె మట్టలు కాల్చిన వాసన ఇంకా చీరను వదలని వయసు నుంచీ తండ్రి పక్కన కూర్చుని తీగ చుట్టిన వదిన, ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, సోమవారం పొద్దున తాళం తీసి కూర్చుందట. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మా బంధువుల్లో ఎవరికీ లేకపోయింది. నేను కొడవలూరు దగ్గర వరి పండించే ఇంట్లోంచి వచ్చినదాన్ని, మోటారంటే బోరు దగ్గర మోతచేసే ఇనప గుండు అనే తెలుసు. కాపురానికి వచ్చిన నెలకే వదిన నన్ను పిలిచి, ఇంట్లో ఉత్తినే ఈగలు తోలుకుంటూ కూర్చుంటావా, వచ్చి తీగ పట్టుకో అంది. పట్టుకున్నాను. ఆ పట్టుకోవడం ఇరవై ఏళ్ళకు పైన సాగింది.

ఆ షాపు గురించి చెప్పాలంటే ముందు పనిముట్ల గురించి చెప్పాలి, ఎందుకంటే అక్కడ మనుషుల కంటే వాటికే మర్యాద ఎక్కువ. సముద్రం దగ్గర ఊళ్ళలో ఇనుము సంగతి మీకు తెలిసిందే, ఉప్పుగాలికి నాలుగు రోజులు వదిలేస్తే తుప్పు పట్టి కూర్చుంటుంది. అందుకని వదిన ప్రతి శనివారం సాయంత్రం కటింగ్ ప్లేయర్లు, నోస్ ప్లేయర్లు, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు అన్నీ గోనె మీద పరిచి, కుట్టుమిషను నూనె గుడ్డతో ఒక్కొక్కటే తుడిచేది. కటింగ్ ప్లేయరుతో మేకు కొడితే ఆమెకు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను. స్క్రూడ్రైవరుతో డబ్బా మూత లేపినా అంతే. తీగ మీది ప్లాస్టిక్ తొక్కను పళ్ళతో లాగే అలవాటు ఆ రోజుల్లో ప్రతి ఎలక్ట్రీషియనుకీ ఉండేది. మా షాపులో మాత్రం, పళ్ళు అన్నం తినడానికి, చాకు తీగ గీకడానికి అని ఆమె తేల్చి చెప్పేసింది. ఇక పనిముట్టు అరువివ్వడం అన్నది లేనేలేదు. పక్క టీకొట్టాయన ఒకసారి మేకు పీకాలి, ప్లేయరు ఇమ్మని అడిగితే, కాదనకుండా తనే లేచి, కొంగు దోపుకుని, వెళ్ళి మేకు పీకి, అతను పోసిన టీ తాగి, ప్లేయరుతో సహా తిరిగి వచ్చింది. ఆ మర్నాటి నుంచీ ఆయన మేకుల పనులన్నీ వదిన కోసం దాచిపెట్టేవాడని మేము నవ్వుకునేవాళ్ళం.

వదిన చెయ్యి ఎంత నేర్పుగలదంటే, కాలిపోయిన మోటారు విప్పి, మసిబారిన పాత తీగ పీకి, గాడి గాడికీ కాగితం పరిచి, కొత్త రాగి తీగ చుట్టలు ఒక్కొక్క పోగే వేళ్ళతో సర్ది లోపలికి దించుతుంటే మల్లెమాల కడుతున్నట్టుండేది. తీగ మీది వార్నిషు చాకుతో గీకేటప్పుడు రాగికి గీటు పడకూడదు, కానీ వార్నిషు కణమైనా మిగలకూడదు. ఆ రెంటి మధ్యా ఎంత సందుందో ఆమె బొటనవేలికి తెలుసు. నాకు అది పట్టుబడడానికి ఏడాది పట్టింది.

అన్నిటికంటే పెద్ద నియమం టెస్టరుది. మీ ఇళ్ళల్లోనూ ఉండేవుంటుంది, స్క్రూడ్రైవరు లాంటిదే, పిడిలో చిన్న ఎర్ర దీపం ఉంటుంది. అది వెలిగితే కరెంటున్నట్టు. వెలక్కపోతే కరెంటు లేనట్టు కాదు, దీపమే చచ్చిపోయి ఉండొచ్చు. అందుకే ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, దీపం బతికే ఉందని చూసుకుని, ఆ తరవాతే అనుమానమున్న చోట పెట్టాలి. ఈ మాట వదిన నాకు వందసార్లు చెప్పి ఉంటుంది.

నా పెళ్ళయిన రెండో ఏడు. అప్పుడప్పుడే మా చుట్టుపక్కల వరిచేలు రొయ్యల గుంటలవుతున్నాయి, చక్రాలతో నీళ్ళను చిలికి గాలి పట్టించే ఏరేటర్లు కొత్తగా దిగుతున్నాయి, వాటి మోటార్లు మా షాపు ముందు వరస కడుతున్నాయి. రెండు రోజులు ముసురు పట్టి, గాలి స్తంభించిపోయిన ఒక పొద్దున, సముద్రం వైపు పల్లె నుంచి ఒక రైతు ట్రాక్టరు వేసుకుని వచ్చి, దిగకుండానే కేక పెట్టాడు.

"అక్కా, చక్రాలు ఒక్కటీ తిరగడంలా. రొయ్యలన్నీ పైకి తేలి గట్టుకొచ్చేస్తుండాయి!"

నీళ్ళలో గాలి తగ్గితే రొయ్య పైకి వస్తుంది, ఇంకాసేపటికి చచ్చిపోతుంది. ఒక పంట మొత్తం ఒక్క పూటలో పోవడం మేము అంతకు ముందే చూశాం. చేతికందిన పనిముట్లు సంచిలో వేసుకుని ఇద్దరం ట్రాక్టరెక్కాం. ఆ తొందరలో, వదిన టెస్టరు కన్నా ఎక్కువగా నమ్మే, రెండు తీగలు కట్టిన పరీక్ష బల్బును షాపులోనే మరిచిపోయాం.

గట్టు మీద తాటాకు పాక, అందులో ఇనప స్విచ్చు పెట్టె, దాని కింద స్టార్టరు. స్టార్టరులో ఒక తీగ కాలి నల్లబడి ఉంది. వదిన ముందు వంగి చూసి, స్విచ్చు దించి కరెంటు ఉందేమో చూడమంది. నేను పిడి దించాను. నా టెస్టరు తీసి తీగకు ఆనించాను. వెలగలేదు. గట్టు పొడుగునా రొయ్యలు టపటపా కొట్టుకుంటున్నాయి, రైతు తల పట్టుకుని నిలబడ్డాడు, ఆ కంగారులో వందసార్లు విన్న మాట నూటొకటోసారి గుర్తు రాలేదు.

"లేదు వదినా" అన్నాను.

ఆమె కటింగ్ ప్లేయరుతో కాలిన తీగ పట్టింది. ఎడం చెయ్యి ఇనప పెట్టె మీద ఉంది. వేళ్ళు ప్లేయరు తొడుగు దాటి ముందుకు జారినట్టున్నాయి. చిటుక్కుమన్న చప్పుడు మాత్రం విన్నాను. మరుక్షణం వదిన పాక బయట బురదలో వెల్లకిలా పడి ఉంది.

ఎంతసేపు అలా పడి ఉందో తెలియదు. నాకు మాత్రం అది ఇప్పటికీ ముగిసినట్టు లేదు. కళ్ళు తెరిచి, లేచి కూర్చుని, కమిలిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, నన్ను దగ్గరికి పిలిచి, టెస్టరును స్విచ్చుకు పైన కరెంటు వచ్చే తీగకు పెట్టమంది. పెట్టాను. అక్కడా వెలగలేదు. దీపం ఎప్పుడో చచ్చిపోయింది. స్విచ్చు లోపల కరెంటును కలిపే మూడు రాగి కత్తుల్లో ఒకటి అతుక్కుపోయి, పిడి దించినా విడిరాలేదని తరవాత తెలిసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రైతు పరుగెత్తుకొచ్చి ఏమైందక్కా అంటుంటే, "ఏం లేదబ్బయ్యా, తడిచేత్తో పట్టుకున్నా, నాదే తొందర" అంది.

నేను ఆసుపత్రికి పోదాం పదమని ఏడుస్తున్నాను. వదిన కదల్లేదు.

"ఏడిస్తే రొయ్యలు బతకవు మే. ప్లేయరు తీసుకో."

"నా వల్ల కాదు వదినా."

"నీ వల్లే అయ్యేది. నా చెయ్యి లేవడంలా, చూడలా?"

పాకలో వేలాడుతున్న బల్బును హోల్డరుతో సహా విప్పించి, రెండు తీగలు కట్టించి, ముందు కరెంటున్న చోట పెట్టించింది. వెలిగింది. అప్పుడు గట్టు చివర స్తంభం దగ్గర పింగాణీ ఫ్యూజులు రైతు చేత పీకించి, స్టార్టరులో మూడు తీగలకూ ఒక్కొక్కదానికీ బల్బు పెట్టించి, ప్రతిసారీ పైకి చెప్పమంది. లేదు, లేదు, లేదు అని మూడుసార్లు చెప్పాను. కాలిన ముక్క కత్తిరించి, తొక్క తీసి, రాగి మెలిపెట్టి స్క్రూ బిగించడం రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం తీగను ఎటు మెలిపెట్టాలో మరిచిపోయాను. వదిన బురదలో కూర్చుని, నొప్పికి పెదవి కొరుక్కుంటూ, ఇంకొక చుట్టు, ఇంకొక చుట్టు, లాగి చూడు, ఊడిందా, ఊడలేదు గదా, ఇంక మూత వెయ్యి అంటూ మాటతోనే నా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఫ్యూజులు పెట్టాక చక్రాలు కదిలి, నీళ్ళు తెల్లగా చిమ్మాయి. ఒక మూల గుంట దక్కలేదు; మిగిలినవి దక్కాయి.

నెల్లూరు ఆసుపత్రిలో బొటనవేలు బాగు చేశారు గాని చూపుడువేలు మళ్ళీ వంగలేదు. సన్న తీగ సర్దే వేలు అది. ఇంట్లో మా ఆయనకు కూడా తడిచెయ్యి కథే చెప్పింది. ఆ ఆదివారం చర్చిలో నా పక్కనే కట్టు కట్టిన చేతితో నిలబడి పాట పాడింది. బయటికి రాగానే, ఈ రోజు ఆయనకు నిజం చెప్పేస్తాను వదినా అన్నాను. ఆమె చెట్టు కిందికి తీసుకుపోయి, గొంతు తగ్గించి చెప్పింది.

"చెప్తే ఏమైతుంది? మా తమ్ముడు నిన్ను మళ్ళీ షాపు గడప తొక్కనిస్తాడా? తప్పు చేసినదానివి నువ్వు, దాన్ని ఇంకెప్పుడూ చెయ్యనిదానివి కూడా నువ్వే. అట్టాంటి మనిషిని నేను యాడ తెచ్చుకునేది?"

ఆ సోమవారం నుంచీ సన్న పనంతా నాది. వదిన ముక్కాలి పీట మీద కూర్చుని కళ్ళతో చుట్టేది, నేను వేళ్ళతో చుట్టేదాన్ని. నేను తప్పు పోగు వేస్తే చూడకుండానే, తీగ చప్పుడు బట్టి కనిపెట్టేది. ఏనాడూ ఆ వేలు చూపించి ఒక్క మాటన్నది లేదు. నాలుగేళ్ళ తరవాత, ఆ మౌనం నేనే మోయలేక, ఒక మధ్యాహ్నం మా ఆయనకు అంతా చెప్పేశాను. మర్నాడు బడికి వెళ్ళబోతూ, జీవితంలో మొదటిసారి, మా పనిముట్ల సంచి తన భుజాన వేసుకుని షాపు దాకా మోసుకొచ్చి, అక్క కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయారు. వదిన నా వైపు చూసి, చెప్పినావా అని మాత్రం అడిగింది.

వదిన పోయి చాలా ఏళ్ళయింది. షాపు ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. మోటారు కాలితే విప్పి చూసేవాళ్ళు తగ్గారు, ఫోను చేస్తే కంపెనీ మనిషి వచ్చి పాతది తీసి కొత్తది బిగించి పోతాడు, గుంటల్లో గాలి తగ్గితే చేతిలోని ఫోనుకే కబురొస్తుంది. మంచిదే, మా కాలంలో ఇవి ఉంటే ఒక ఆడమనిషి వేలు నిలిచేది, నేను కాదనను. కానీ ఇప్పుడు ఒకసారి పని చెడగొట్టిన మనిషిని ఎవరూ రెండోసారి పిలవరు, ఇంకో నంబరు నొక్కుతారు. చెడగొట్టిన చేతిలోనే మళ్ళీ ప్లేయరు పెట్టి, ఎదురుగా బురదలో కూర్చుని, ఇంకొక చుట్టు అని చెప్పేవాళ్ళు ఎక్కడన్నా ఉన్నారేమో గాని, నాకు మాత్రం కనబడలేదు.