‘ఫ్వే’తో వచ్చిన చిక్కు

స్పానిష్ నేర్చుకుంటే పై పోస్టు ఇస్తామన్నారు మా మంగళగిరి ఆఫీసులో. ముప్పై అయిదు దాటాక మళ్లీ ఓనమాలు. రోజంతా ఆఫీసు, రెండు పూటలా బస్సు, ఆదివారం ఉదయం ఫోన్లో పాఠం. ఆ వారం ‘ఫ్వే’ అనే క్రియ దగ్గర నా బుర్ర మొరాయించింది. ‘వెళ్లాడు’ అన్నా అదే మాట, ‘ఉండేవాడు’ అన్నా అదే మాట. పక్కన ఏముందో చూసి అర్థం పోల్చుకోవాలట. పైగా ముగిసిపోయిన సంగతులకే వాడాలట. అంత పెద్ద భాషలో ఇంకో మాటకు కరువొచ్చిందా అని విసుక్కున్నాను.

ఇంట్లో ఇంకో తలనొప్పి. నాన్న కౌలు చేలో మిరపతోట వేస్తారు. వరసగా మూడేళ్లు నల్లతామర పురుగు ఊడ్చిపెట్టింది. మందు కొట్టీ కొట్టీ ఆయనకు ఆయాసం పట్టుకుంది. ఉగాదికి కౌలు మళ్లీ మాట్లాడుకోవాలి. మానేయమని నేను, ఈ ఒక్క ఏడూ అని ఆయన. రోజూ ఇదే రభస.

‘ఫ్వే’ వాడి ఇంట్లో ఒకరి గురించి చెప్పమంది టీచర్. “మి పాద్రే ఫ్వే అగ్రికుల్తోర్” అని గట్టిగా వల్లె వేస్తున్నాను. వాకిట్లో ఎండు మిరపలోంచి తాలుకాయలు ఏరుతున్న నాన్న తలెత్తారు.

“ఏందమ్మా, పొద్దుటి నుంచి అదే పాట? నన్నేమన్నా తిడుతున్నావా?”

“మా నాన్న రైతుగా ఉండేవాడు అని.”

“ఉండేవాడంటే? ఇప్పుడు కాదా?”

నిద్ర చాలక ఒళ్లు మండుతోంది. “కాదు. నువ్వెటూ మానవుగా, కనీసం స్పానిష్‌లో అయినా మానిపిద్దామని.”

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. లోపలికెళ్లి అటక మీది గుడ్డమూట దించుకొచ్చారు. ఏటా మంచి చెట్ల కాయలు ఏరి, విత్తనానికని విడిగా ఎండబెట్టే మూట అది. కంపెనీ విత్తనాలు ఎన్ని కొన్నా, నారుమడిలో ఒక మూల ఇవే చల్లేవారు. ఆ మూట తెచ్చి అమ్మ ముందు పెట్టారు.

“ఇవి కారం కొట్టు.”

“విత్తనపు కాయలండీ!”

“తెలుసులే. కొట్టు.”

అమ్మ నా వంక చూసింది. నేను కోరుకున్నదే జరిగింది, అయినా ఏడుపొచ్చింది. అమ్మ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. నాన్న కూడా పక్కనే కూర్చుని తీయసాగారు. ఆ మూట లాక్కుని మళ్లీ అటకెక్కించాలనిపించింది. ఎక్కిస్తే ఆయన మళ్లీ చేలోకి వెళ్తారు, మళ్లీ మందు కొడతారు. ఫోన్ పక్కన పడేసి, నేనూ కూర్చుని తొడిమలు తీశాను.