కుర్చీలో మనిషి

ఏకపాత్రాభినయం గొప్ప కళ అని వేదికల మీద చెబుతారు గానీ, మా గాజువాకలో అది మనుషులు దొరక్క పుట్టుకొచ్చింది. ఒకప్పుడు మా నాటక బృందంలో అయిదుగురం. స్టీల్‌ప్లాంటు షిఫ్టులూ పోర్టు డ్యూటీలూ చూసుకుని, మా బట్టల కొట్టు షట్టరు దించాక రిహార్సల్ వేసేవాళ్ళం. రిటైరయ్యాక ఇద్దరు గోదావరి వైపు వెళ్ళిపోయారు. ఒకాయన మధురవాడలో ఫ్లాటు కొనుక్కున్నాడు. ఇంకొకాయనకి మోకాళ్ళు. చివరికి నేనూ, నా నోరూ మిగిలాం.

పోయిన వానాకాలం మా ఆవిడ పోయింది. ఆ తర్వాత నేనే ఒక ఏకపాత్ర రాసుకున్నాను. పోర్టులో పని దిగి ఇంటికొచ్చిన ఓ కళాసీ, ఎదురుగా కుర్చీలో భార్య ఉన్నట్టే కబుర్లన్నీ చెబుతాడు. ఆఖరున కుర్చీ ముట్టుకుని "నువ్వు లేవు కదూ" అంటాడు. అంతే నాటకం. ఇంట్లో ఎన్నిసార్లు సాధన చేసినా ఆ ఒక్క మాట అనలేక అక్కడే ఆపేసేవాణ్ణి. జనం ముందైతే తప్పించుకోలేనని పోటీకి పేరిచ్చాను.

బేరానికొచ్చినవాళ్ళకి మంచి చీర ఆఖర్నే విప్పి చూపించాలని కొట్లో నాన్న నేర్పాడు. అందుకని పోటీ నిర్వాహకుణ్ణి పట్టుకున్నాను.

"ఆఖరి నంబరు నాకిచ్చెయ్ బావా."

"అదెవులూ అడగరు బావా. పొద్దున్నే ఇత్తాను, తీసుకో."

"బోణీ బేరం నాకొద్దు. ఆఖరిదే కావాల."

"నీ ఇష్టం. మళ్ళీ నన్ననకు."

గెలిచాననుకున్నాను. అయిదుగురం ఆడే రోజుల్లో మా ఇళ్ళవాళ్ళతోనే సగం హాలు నిండేది. ఏకపాత్రల పోటీలో చూసేవాళ్ళంటే ఆడేవాళ్ళేననీ, తమ వంతు అవగానే రంగు కడుక్కుని బస్సెక్కేస్తారనీ నా వ్యాపారబుద్ధికి తట్టలేదు. సాయంత్రం నన్ను పిలిచేసరికి హాల్లో మిగిలింది న్యాయనిర్ణేతలు, నిర్వాహకుడు, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్న టెంట్‌హౌస్ మనిషి.

అయినా మొదలుపెట్టాను. బాగానే సాగింది. చివరికొచ్చి కుర్చీ వైపు చెయ్యి చాపబోతుంటే, ఆ టెంట్‌హౌస్ మనిషి స్టేజీ ఎక్కి కుర్చీ వీపు పట్టుకుని పైకెత్తాడు.

"ఇది కాళీయే కదేటి బావా? వేన్ వెళ్ళిపోతంది."

"కాళీ కాదు. మనిషుంది."

అది నేను రాసుకున్న మాట కాదు. అతను కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. ఎత్తినదాన్ని మెల్లగా దించాడు.

"సరే అయితే, కూకోమను," అని దిగిపోయాడు.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకులో దగ్గాడు. "ఏకపాత్రలో రెండో మనిషి మాట్లాడితే రూలు ఒప్పుకోదండీ. ఇక ఆపేయండి."

మామూలుగా అయితే వాదించి, బతిమాలి, ఇంకో అవకాశం లాగేవాణ్ణి. "అలాగేనండీ" అన్నాను. "నువ్వు లేవు కదూ" అనకుండా బయటపడ్డాను, అది చాలనిపించింది.

కుర్చీ నేనే మోసుకెళ్ళి వేన్ దగ్గర ఇచ్చాను. అతను దాన్ని ఒక దొంతరలో దూర్చి, మీద ఇంకొన్ని పడేశాడు. అన్నీ ఎర్ర కుర్చీలే. తాడు బిగించేసరికి, ఆవిడ కూర్చున్నది ఏదో నాకే తెలియలేదు.