ఏం కూర, బిడ్డా?

నా చిన్నప్పుడు మేం కార్ఖానా అనే బస్తీలో ఒక రేకుల గదిలో ఉండేవాళ్లం. నాన్న గుమాస్తా, అమ్మ బడిలో టీచరు. నాయనమ్మకు ఆయాసం. వాన పడితే గదంతా చెమ్మ, ఆవిడ దగ్గు ఆగేది కాదు. నేను నాలుగో తరగతి అయిన ఆ వేసవి సెలవులన్నీ టు-లెట్ బోర్డుల వెంట తిరగడానికే సరిపోయాయి. అద్దె కుదిరినా మనుషులు కుదిరేవారు కారు. మా పేర్లు వినగానే ఇల్లు నిన్ననే ఇచ్చేశామనేవారు. బోర్డు మాత్రం మర్నాడూ అక్కడే వేలాడేది.

చివరికి పద్మారావు నగర్‌లో రెండు గదుల పోర్షన్ దొరికింది. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. ఇంటావిడ ఒక్కటే షరతు పెట్టింది. "ఇంట్ల నీసు వండొద్దు, గంతే." అమ్మ గుడ్డు కూడా ఉడకబెట్టలేదు. ఆదివారం చర్చి నుంచి నేరుగా మేనత్త ఇంటికి వెళ్లి, అక్కడే కోడికూర తిని, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చేవాళ్లం.

ఇంటావిడ తనను పెద్దమ్మ అని పిలవమంది. అమ్మ బడి నుంచి వచ్చేలోపు సకినాలు పెట్టి, జడ వేసేది. ఆవిడంటే నాకు ప్రాణం. నీకంటే పెద్దమ్మే జడ బాగా వేస్తుందని అమ్మ మొహం మీదే అన్నాను. అల్లుతూ అల్లుతూ ఆవిడ రోజూ అడిగేది, "ఇయ్యాల ఏం కూర, బిడ్డా?" మన ఇళ్లలో అది పలకరింపే కదా. బెండకాయ, వంకాయ, పప్పు అని పాఠంలా అప్పజెప్పేదాన్ని.

ఒక ఆదివారం నాయనమ్మకు జ్వరమొచ్చి మాతో రాలేదు. మేనత్త చేసిన చేపల పులుసు అమ్మ చిన్న గిన్నెలో తెచ్చి, తలుపు వేసి, నాలుగు ముద్దలు తినిపించింది. మర్నాడు పెద్దమ్మ అడిగింది. "నిన్న మీ నాయనమ్మకు ఏం కూర పెట్టిన్రు?" చెప్పేశాను. ఆవిడ చెయ్యి ఆగలేదు. జడ పూర్తిగా అల్లి, రిబ్బన్ కట్టి, కనకాంబరాలు పెట్టి మరీ పంపింది.

సాయంత్రం మా గుమ్మంలో నిలబడింది. "మాట తప్పిన్రు సారూ. నెలాఖరుకు ఖాళీ చెయ్యున్రి."

ఇక్కడ వండలేదని నాన్న బతిమాలాడు.

"మీ బిడ్డనే చెప్పింది గద, అడుగున్రి!" అంది. నా వైపు చూడనైనా లేదు.

మేం సామాను బండికెక్కిస్తుంటే గేటు ముందు ఆవిడ తమ్ముడి సంసారం దిగింది. "జెర ఆగున్రి, ఖాళీ చేపిస్త అని వదిన రెండు నెల్లసంది చెప్తనే ఉన్నది" అంటూ తమ్ముడి భార్య నవ్వుతూ మా అమ్మతోనే అంది, ఏమీ తెలియక. సకినాలెందుకో, జడలెందుకో నాకప్పుడు తెలిసింది. నా వల్లే ఇల్లు పోయిందని ఏడ్చాను. అమ్మ నన్ను బండి పక్కనే కూర్చోబెట్టి, నా జడ విప్పి మళ్లీ అల్లింది, కాస్త వంకరగా. "నిజం చెప్పావు, అది తప్పు కాదమ్మా. నీ చేత చెప్పించుకుని వాడుకున్న వాళ్లది తప్పు" అంది. ఆ వానాకాలమంతా నాయనమ్మ పడుకోలేక, మళ్లీ రేకుల కింద గోడకానుకుని కూర్చునే గడిపింది.

మొన్న మా మనవరాలు యాప్రాల్‌లో ఫ్లాట్ కోసం ఫోన్ చేస్తే, అవతలి ఆవిడ ఎంతో తియ్యగా, ఇంట్లో ఏమేం వండుతారమ్మా అని అడిగింది. నాకు ఒళ్లు మండి ఫోన్ పెట్టేయమన్నాను. మా అపార్ట్‌మెంట్ పిల్లలు నా దగ్గరికి చాక్లెట్ల కోసం వస్తుంటారు. ఇస్తాను. వాళ్లింటి సంగతి మాత్రం ఒక్కటీ అడగను. ఇక చర్చిలో ప్రభువు ప్రార్థన అందరితో పాటు నేనూ చెబుతాను. మా పట్ల తప్పు చేసినవాళ్లను క్షమించామనే చోటికి వచ్చేసరికి నోరు మూసుకుంటాను. దేవుడి ముందు అబద్ధం ఆడలేను.