లాయరుగారు రాసుకున్న అబద్ధం

ఈ రోజు మా ఆటో ట్రాలీ డ్రైవర్ శ్రీనును గుంటూరులో లాయరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. పోయిన నెల మా మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, మిర్చి యార్డుకు తెస్తుంటే నల్లపాడు దగ్గర అతివేగమని పోలీసులు ఆపారు. ఇప్పుడు కోర్టుకు రమ్మని కాగితం వచ్చింది. లైసెన్సు పోతే అతనికి వేరే పని తెలియదు.

అసలు ఆ రోజు మబ్బు పట్టింది. కాయ మీద కప్పే పట్టా ఇంటి దగ్గర మరిచిపోయింది నేను. వానకు కాయ తడుస్తుందని పక్కన కూర్చుని "తొక్కవయ్యా, ఇంకా తొక్కు" అని దారి పొడుగునా తరిమిందీ నేనే.

"ఎందుకయ్యా అంత స్పీడు?" అని లాయరుగారు అడిగారు.

"నాదే పొరపాటండి, మీటరు చూసుకోలా" అన్నాడు శ్రీను.

ఆయన నా వైపు తిరిగారు. "మీరు పక్కనే ఉన్నారుగా, నెమ్మదిగా పొమ్మని చెప్పలేదా?"

"చెప్పానండి" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అవునండి, చెప్పారు" అన్నాడు శ్రీను, నా వంక చూడకుండానే. లాయరుగారు రాసుకున్నారు.

మెట్లు దిగుతుంటే, "మీరు రాకపోతే నా తరఫున మాట్లాడేదెవరండీ" అన్నాడు. ఎత్తిపొడుపేమోనని మొహం చూశాను. కాదు.

తిరిగొచ్చేటప్పుడు బండి నలభై దాటలేదు. నేనూ తొక్కమనలేదు.

ఇంతమందికి ఇక్కడ రాసి చెప్పగలిగినవాణ్ణి, ఆ గదిలో ఒక్కరికి చెప్పలేకపోయాను. మీరైతే రేపు మళ్ళీ ఆ మెట్లెక్కుతారా?