ఫిదేలియా నలపని పక్క

మా హోటల్లోకి పిల్లల్ని రానివ్వరు. పద్దెనిమిదేళ్లు నిండితేనే ప్రవేశం. నిండినవాళ్లు వచ్చి చేసే పనులు చూస్తే పిల్లలే నయమనిపిస్తుంది. చేతికి పట్టీ కట్టగానే తిన్నంత తిండి, తాగినంత తాగుడు. పొద్దున పదింటికే స్విమ్మింగ్ పూల్లో గ్లాసులు పట్టుకుని నిలబడి, కట్టుకున్న పెళ్లాం పేరు తడుముకుంటూ ఉంటారు. ఎవరు ఏం ఒలకబోశారో, ఎవరు ఎవరి మీద అలిగి సోఫాలో పడుకున్నారో నాకు తెలుస్తూనే ఉంటుంది. నా పేరు తోమాసా. కింద లాండ్రీ నాదే. మనుషులు ఎన్ని కోతలైనా కోయనీ, దుప్పట్లు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాయి.

ఫిదేలియా పూట్‌దీ మా ఊరే. మొక్కజొన్న చేలు ఎండిపోయిన ఏడాది ఇద్దరం ఒకే బస్సెక్కి ఈ సముద్రం ఒడ్డుకు వచ్చాం. నేను ఆవిర్లలోకి దిగాను, అది మూడో అంతస్తుకెక్కింది. ఇరవై ఆరేళ్లుగా గదులు సర్దుతోంది. రోజుకు పద్నాలుగు మంచాలు. అది దుప్పటి మూల మడిచి పరుపు కింద దోపిందంటే, పడుకున్నవాళ్లు తన్నుకు చచ్చినా ఊడిరాదు. మోకాళ్లు అరిగిపోయి ఈ నెలాఖరుకి మానేస్తోంది. వెళ్లిపోతోంది కదాని హోటలువాళ్లు ఒక కేకు కోసి, మూడు రోజులు అతిథిగా ఉండమని చీటీ ఇచ్చారు.

మేనేజరు ఆర్తెమియో మైకు పట్టుకుని, "ఏం కావాలో చెప్పండి ఫిదేలియా గారూ. పడవ షికారా? ఒంటికి నూనె మర్దనా?" అన్నాడు.

"అవేం వద్దు బాబూ. నేను లేచిన పక్క ఇంకొకళ్లు సర్దాలి. ఒక్కసారి చాలు."

అందరూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఊళ్లో మంచాలుండవు. అందరం వల ఉయ్యాలల్లోనే పుట్టి, వాటిలోనే పెరిగాం. లేచిన మరుక్షణం ఉయ్యాల చుట్టి గోడకొక్కేనికి తగిలించాలి, లేదంటే అమ్మ చీపురు తిరగేస్తుంది. ఇక్కడి అద్దె గదిలోనూ మాకు ఉయ్యాలే. లక్ష మంచాలు సర్దిన ఈ మనిషి ఒక్క రాత్రి కూడా మంచం మీద పడుకోలేదు.

మూడు వందల పదిహేడో గది ఇచ్చారు. మర్నాడు పొద్దున ఆ గది దుప్పట్లు కిందికి రాలేదు. ఆ అంతస్తు చూసే నేయ్‌డి, ఫిదేలియా దగ్గరే పని నేర్చుకున్న పిల్ల, మొహం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"నేను ట్రాలీ తోసుకుని వెళ్లేసరికి పక్క సర్దేసి ఉంది పిన్నీ. కుళాయిలు కూడా తోమేసింది. ఏంటత్తా ఇది అంటే, 'ఏమోనే, లేచాను, చూసుకునేసరికి అయిపోయింది' అంటోంది."

మధ్యాహ్నం నేను తువ్వాళ్ల మూట పట్టుకుని పూల్ దగ్గరికి వెళ్లాను. ఫిదేలియా పూలు కుట్టిన తెల్ల అంగీ తొడుక్కుని, పడక కుర్చీ అంచున, ఆసుపత్రిలో వంతు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. ఉడికించిన రొయ్యలా ఎర్రబడ్డ ఒక పెద్దమనిషి తన తడి తువ్వాలు దాని చేతికిచ్చాడు. ఇది లేచి వెళ్లి నాలుగు పొడివి తెచ్చింది.

"వాడి చేతికున్న పట్టీయే నీ చేతికీ ఉంది కదే," అన్నాను.

"తెలుసులే. పాపం తడిసి ముద్దయ్యాడు."

రెండో రోజు ఇంకా ఘోరం. తన పక్క సర్దుకుని ఊరుకోక, తలుపు తెరిచి ఉంది కదాని ఎదురు గదిలోదీ సర్దింది. ఆ గది దంపతులు స్నానాల గదిలోంచి ఒంటి మీద నూలుపోగు లేకుండా బయటికి వచ్చారట.

"మరి నువ్వేం చేశావే?"

"ఏం చేస్తాను, దిండు గలీబు మారుస్తూ ఉన్నాను. నమస్కారం పెట్టి వచ్చేశాను."

ఆ కబురు ఆర్తెమియో చెవిన పడింది. పడిపడి నవ్వి, మూడు వందల పదిహేడుకి ఇక మనిషిని పంపనక్కర్లేదని నేయ్‌డి జాబితాలోంచి కొట్టేశాడు. నా ఒళ్లు మండిపోయింది. మిగిలింది ఒక్క పొద్దు. అదీ పోతే, దాని కోరిక కేకుతోపాటే అరిగిపోతుంది.

మూడో రోజు తెల్లవారీ తెల్లవారకముందే నేయ్‌డినీ, టిఫిను పళ్లేన్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. తలుపు తీసిన ఫిదేలియా చేతిలో అప్పటికే దుప్పటి కొంగుంది.

"వదులు దాన్ని," అన్నాను. "మంచమెక్కు. అక్కడే తిను."

"ఒలుకుతుందే."

"ఒలకనీ. ఉతికేది నేను."

ఎక్కింది. నల్లచిక్కుళ్ల కూర, గుడ్లు, మిరపకాయ పచ్చడి. రెండో ముద్దకే చిక్కుళ్ల రసం తెల్ల దుప్పటి మీద పడింది. తుడవబోతే చెయ్యి పట్టుకున్నాను. కాసేపు ఆ మరకనే చూసి, కప్పు వంచి కాఫీ కూడా కాస్త పోసింది. పోసి నా వైపు దొంగచూపు చూసింది.

తరవాత దాన్ని కుర్చీలో కూలేశాను. నేయ్‌డి దుప్పట్లు లాగేసి కొత్తవి పరిచింది. కంగారులో కిటికీ వైపు మూల వదులుగా దోపింది. ఫిదేలియా చూసింది. కుర్చీ చేతుల్ని పట్టుకున్న దాని వేళ్లు తెల్లబడ్డాయి. అయినా లేవలేదు.

నేయ్‌డి దిండు తట్టి, అతిథుల్ని అడిగినట్టే, "ఇంకేమైనా కావాలాండీ?" అంది.

ఫిదేలియా కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపాగలేదు, దాచుకోవడం దేనికి. అది లేచి, మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి, చెప్పులతోనే ఆ మంచం మీద పడి ఈ కొసనుంచి ఆ కొసకి రెండుసార్లు దొర్లింది. వదులు మూల ఊడి వచ్చింది.

"ఇప్పుడే కదత్తా సర్దాను," అంది నేయ్‌డి.

"ఒక్కసారి చాలన్నావు కదే," అన్నాను నేను.

"అన్నాను. అప్పుడు నాకు తెలియదు," అని ఫిదేలియా మళ్లీ కుర్చీలోకి వెళ్లి కాళ్లు బారచాపుకుంది. "ఇంకోసారి సర్దమ్మా. ఈసారి మూల గట్టిగా మడువు."

ఆ రోజు ఆ గదివి రెండు జతల దుప్పట్లు కిందికి దిగాయి. రెండూ నేనే ఉతికాను.