కొత్తింట్లో పొట్టేలు కాపురం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కళ్యాణదుర్గం దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. అప్పుడే మాకు ప్రభుత్వం పక్కా ఇల్లు కట్టించింది. వేసవిలో ఆ స్లాబు కింద ఉడికిపోలేక మేం పాత గుడిసెలోనే పడుకుని, తోడేళ్ల భయానికి గొర్రెల్ని కొత్తింట్లోకి తోలేవాళ్లం.

ఒకరోజు మందను ఇంకా బయటికి వదలకముందే హౌసింగ్ ఆఫీసరు వచ్చాడు. "కాపురం లేకపోతే ఇల్లు వెనక్కి తీసుకుంటాం" అన్నాడు.

"ఆడనే ఉండాము సార్!" అంది మా అత్త.

నేను ఆపేలోపే ఆయన గొళ్లెం తీశాడు. పొట్టేలు కుమ్మిన కుమ్ముకు వెళ్లి పేడకుప్పలో కూర్చున్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరీ ఇంటి యజమాని?" అని అరిచాడు.

"ఇప్పుడే మిమ్మల్ని పలకరిచ్చి పాయ కదా సార్!" అంది అత్త తొణక్కుండా.

ఆయనకే నవ్వాగలేదు. కుంటుతూ పోయాడు కానీ ఇల్లు మాత్రం పోలేదు. ఇప్పుడు అందులో ఉంటున్నది మేమే. అయినా మా అత్త ఆ గొళ్లెం తీసేటప్పుడు ఇప్పటికీ పక్కకు జరిగే నిలబడుతుంది.