అయ్యగారికి కూడా ఒక్క ఓటే

“నిన్నెవరు ఎల్లమన్నారమ్మా అయ్యగారింటికి? పచ్చడి సీసా ఒకటి పట్టుకుని!”

“అల్లుడి గురించి నేనడక్కపోతే ఎవరడుగుతారే? మూడేళ్లు గుడికి చాకిరీ చేసిన మనిషిని దిగిపొమ్మంటే నోరు మూసుకుని కూర్చోవాలా?”

“దిగిపొమ్మనలేదు. టర్ము అయిపోయింది. ఎవరికైనా మూడేళ్లకి అయిపోద్ది.”

“సంఘ పెద్దకి టర్మేంటే? అదేమన్నా వీసానా?”

శనివారం సాయంత్రం. మా అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చి ఇంకా డ్యూటీ బట్టలు కూడా మార్చుకోలేదు. అల్లుడు హాల్లో మర్నాటి గుడికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అవసరం లేని లైటు ఆర్పేసి నేను మళ్లీ తగాదాకి వచ్చాను.

నా చదువు మూడో తరగతితో సరి. అయినా గుడి సంగతులు నాకు తెలియనివి కావు. మా ఊరి చర్చిలో పాస్టరు అయ్యగారు చెప్పిందే మాట. ముందు బెంచీలో కూర్చునే పెద్ద చనిపోయేదాకా పెద్దే, ఆ తరవాత ఆయన కొడుకు. దుబాయ్‌లో ఇది ప్రెస్బిటేరియన్ సంఘం, పెద్దల్ని ఓట్లేసి ఎన్నుకుంటారు. వచ్చిన కొత్తలో శుక్రవారం గుడికి వెళ్లేవాళ్లం, తరవాత ఆదివారం అన్నారు. సరే, అదంటే ఈ దేశం వారం సెలవు మార్చింది కాబట్టి. పెద్దల సంగతే నాకు కొరుకుడు పడలేదు.

కరోనా ఏడాది మా అల్లుణ్ణి పెద్దగా ఎన్నుకున్నారు. గుడి మూసేశారు. పెద్దలు సంఘంలోని ఇళ్లని తలా కొన్ని పంచుకుని రోజూ ఫోన్లు చేశారు. లేబర్ క్యాంపుల్లో గది దాటలేని వాళ్లకి మా అల్లుడు బియ్యం, మందులు తీసుకెళ్లి గేటు దగ్గర పెట్టి వచ్చేవాడు. అలాంటి మనిషిని తీసేస్తారని విని నేను గురువారం మెట్రో ఎక్కి ఒక్కదాన్నే డేరా పేటలో అయ్యగారింటికి వెళ్లాను. అయ్యగారికి ఆవకాయ ఇచ్చి, మా వాణ్ణి ఉంచండి అన్నాను. ఆయన శ్రద్ధగా విని, ప్రార్థన చేసి, “పెద్దల ముందు పెడతానమ్మా” అన్నారు. మా ఊళ్లో అయితే ఆ మాటకి పని అయినట్టే. నిశ్చింతగా ఇంటికొచ్చాను.

ఆయన నిజంగానే పెట్టారు. శుక్రవారం పెద్దల మీటింగులో, మా అల్లుడు ఎదురుగా కూర్చుని ఉండగానే.

“పచ్చడి సీసాతో సహా చెప్పారంట! ఈయన తల ఎక్కడ పెట్టుకోవాలి?” అంది మా అమ్మాయి.

“ఆయన ఒక్కడే తేల్చెయ్యొచ్చుగా! అయ్యగారు కదా?”

“వాక్యం చెప్పడం, బాప్తిస్మం ఇవ్వడం ఆయన పని. మిగతావి అందరూ కూర్చుని తేల్చాలి. అందులో అయ్యగారికి కూడా ఒక్క ఓటే.”

“అయితే నా అల్లుణ్ణి తీసేసిందెవరు?”

“నువ్వే! పోయిన ఆదివారం చీటీ మీద టిక్కు పెట్టలేదా?”

పెట్టాను. చీటీ మీద ఒక్కటే పేరుంది. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ గోదాముల్లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే తెలంగాణ అతనిది. ఎప్పుడూ వెనక నిలబడి కుర్చీలు వేసి, తీసే మనిషి. అల్లుడి పేరు లేకపోతే, ఇదివరకే పెద్దలుగా ఉన్నవాళ్లకి చీటీ ఎందుకులే అనుకున్నాను. ఇతన్ని కూడా చేర్చుకుంటున్నారనుకుని సంతోషంగానే టిక్కు పెట్టాను. ఒకరు వస్తే ఒకరు దిగాలని నాకెవరు చెప్పారు?

అల్లుడు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. “అత్తయ్యగారూ, అతని పేరు ఇచ్చింది నేనేనండీ.”

“మీరా! మీ చోటు మీరే ఇచ్చేసుకున్నారా?”

“నా చోటు కాదండీ అది.”

అయ్యగారిది కాదు, ఇతనిది కాదు. మరి ఎవరిది? నాలాంటి వాళ్ల చీటీలదా? సగం మందికి ఏం రాశారో కూడా తెలియని ఆ చీటీలదా? ఎవరి మీద కోప్పడాలో తెలియక పప్పు పొయ్యి మీద పెట్టాను.

మర్నాడు పొద్దున గుడిలో ఫోర్క్‌లిఫ్ట్ అతను ముందు మోకరించాడు. అయ్యగారూ, పెద్దలూ అతని తల మీద చేతులుంచారు. మా అల్లుడి చెయ్యి కూడా ఉంది. ప్రార్థన అయ్యాక మా అల్లుడు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ప్రభు భోజనం రొట్టె పళ్లెం కొత్త పెద్ద చేతుల్లో వచ్చింది. నేను తీసుకున్నాను. చివర్లో అయ్యగారు కూడా అతని చేతి నుంచే తీసుకున్నారు.

ఆరాధన అవగానే అతను అలవాటుగా కుర్చీలు మడవబోయాడు.

“ఈరోజు నేను చూస్తాలే, నువ్వు పెద్దల దగ్గరికెళ్లు” అన్నాడు మా అల్లుడు.

“చేతులు ఊకుంటలెవ్వన్నా” అన్నాడతను. ఇద్దరూ కలిసి మడిచారు.

పారేయబోతున్న ద్రాక్షరసం చిన్న గ్లాసులు నేను ఆపి కడుగుతుంటే అయ్యగారు వచ్చి నా ఆవకాయ సీసా ఖాళీగా తిరిగి ఇచ్చారు. “పెద్దలందరం పంచుకున్నామమ్మా. మీ అల్లుడుగారు కూడా తిన్నారు” అన్నారు.

సీసా శుభ్రంగానే కడిగి ఉంది. సంచిలో వేసుకున్నాను.